ముందు ఎడమ చక్రం

ఎనభై దాకా కారు బుద్ధిగానే నడిచింది. ముల్లు తొంభై దాటగానే నా అరికాళ్ల కింద ఏదో మొదలైంది. ముందు గండుచీమలు పాకినట్టు, ఆ తర్వాత ఎవరో కింద కూర్చుని రేకు మీద గుద్దుతున్నట్టు. సీట్ల మధ్య గూట్లో పెట్టిన నీళ్ల సీసాలో నీళ్లు వణికాయి. స్టీరింగ్ మీద నా మేనకోడలు ప్రణవి వేళ్లు రెండేసి కనబడ్డాయి.

"మామా, తెలుస్తున్నదా?" అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఎందుకు తెల్వదు? నీ బండికి చలిజ్వరం వచ్చింది. గోలీ ఏసి దుప్పటి కప్పు."

"జోకులు తర్వాత. ఎక్కడ తెలుస్తున్నది? సీట్లనా, కాళ్ల కిందనా?"

"కాళ్ల కింద. అదిగూడ నా ఎడమ కాలు కింద. నీ మామ బరువుకు బండి భయపడుతున్నది బిడ్డా."

ఆమె నవ్వలేదు. నూరుకు తీసుకుపోయింది. వెనక అద్దంలో లారీ మసకమసకగా కనబడింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. వేగం తగ్గింది కానీ వణుకు వెంటనే తగ్గలేదు. కాసేపు ఉండి, అయిష్టంగా పోయింది. ఔటర్ రింగు రోడ్డు పొడుగునా ఎండ.

ఈ బండి మా బావ విద్యాసాగర్‌ది. నాంపల్లి కోర్టులో గుమాస్తా చేశాడు, పాపం రిటైరైన ఏడాదికే గుండె ఆగి పోయాడు. ఇప్పుడు ఆ ఇంట్లో మా అక్క ప్రభావతి, ఆమె ఒక్కగానొక్క కూతురు ప్రణవి, ఈ బండి మిగిలాయి. ప్రణవి ఇంజినీరు. కర్నూలు అవతల సోలార్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ప్లాంటు దాకా బస్సు లేదు, అందుకని బండి తీసుకుని ఆదివారం పొద్దున్నే బెంగళూరు హైవే మీద పోవాలి. తండ్రి బండిని పాతగా ఎందుకు తీసుకుపోవడమని కొత్త అలాయ్ చక్రాలు, కొత్త స్ప్రింగులు, కొత్త షాకబ్సర్లు వేయించింది. వేయించిన రోజు నుంచే ఈ వణుకు.

ఇదొక్కటే అయితే నేను హాయిగా నవ్వుకునేవాణ్ని. కానీ అంతకుముందే సుల్తాన్ బజార్‌లో ఉండే పంతులు ప్రణవి జాతకం చూసి, కార్తీకం దాటేదాకా వాహన గండం ఉందన్నాడు. అక్క ఆ మాటను కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. అన్నం తగ్గించింది. నేను నా అలవాటు ప్రకారం గొంతు మార్చి ఆమెకు ఫోన్ చేశాను.

"హలో, గండం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నం. మీ బిడ్డ పేరు మీద ఒక గండం వచ్చింది. ఇంట్ల ఎవరన్న ఉంటరా, సంతకం పెట్టి తీసుకోవాలె."

మొదటి ముక్కకు ఆమె నిజంగానే "ఎవరండీ?" అంది వణుకుతూ. తర్వాత తిట్టిన తిట్లు నా బెల్టుల దుకాణంలో గిరాకీలకు కూడా వినబడ్డాయి. అబిడ్స్‌లో నాకు పరువు అప్పటికే లేదు కనుక పోయిందేమీ లేదు.

పంతులు చెప్పిన విరుగుడు ఏమిటంటే, కొత్త చక్రాలు బిగించేటప్పుడు చక్రం మొదట్లో, అంటే ఇరుసు తగిలేచోట, పసుపు మెత్తి అక్షింతలు పెట్టాలి. బయట పెడితే వానకు పోతాయి, లోపల పెడితే కాపాడుతాయి. ప్రణవికి చెబితే ఒప్పుకోదు. అందుకని ఆమె కొత్త ఉద్యోగం కాగితాల పని మీద బయటికి పోయిన సమయం చూసి, అక్క నన్ను వెంటబెట్టుకుని నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉన్న వామన్‌రావు గ్యారేజీకి వచ్చింది. మేము పోయేసరికి మూడు చక్రాలు బిగించేశాడు. ముందు ఎడమ పక్కది మాత్రమే ఇంకా తెరిచి ఉంది.

తాంబాళం పట్టుకుంది నేనే. అక్క పసుపు ముద్ద చేసి, ఆ గుండ్రటి ఇనుప హబ్బు మీద గోడకు పిడక కొట్టినంత మందంగా మెత్తింది. దాని మీద పిడికెడు అక్షింతలు అద్దింది. కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటుంటే నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ కొట్టాను. అక్క ఎగిరిపడింది. వామన్‌రావు చేతిలో నట్టు పడిపోయింది.

"నీకు ముసలితనం వచ్చినా బుద్ధి రాదురా ప్రహ్లాదూ!" అంది అక్క.

"గండం వినాలె గదక్కా, మనం రెడీ ఉన్నమని."

వామన్‌రావు నవ్వుతూనే ఆ పసుపు మీద, ఆ బియ్యం మీద చక్రం ఎత్తి పెట్టాడు. నట్లు బిగించాడు. ఏదో కరకరలాడింది. ముగ్గురం విన్నాం.

వణుకు మొదలయ్యాక ప్రణవి రెండుసార్లు గ్యారేజీకి తీసుకుపోయింది. వామన్‌రావు మంచి పనివాడే. చక్రాలు విప్పి మిషన్ మీద తిప్పి బ్యాలెన్స్ చూశాడు. నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. అలైన్‌మెంట్ చూశాడు, వెంట్రుకవాసి తేడా లేదు. కొత్త షాకబ్సర్లు, కింది బుష్షులు ఊపి చూశాడు. గట్టిగా ఉన్నాయి.

"తల్లీ, బండిల ఏం ప్రాబ్లం లేదు. రోడ్డు బాగలేదేమో," అన్నాడు.

"ఔటర్ కన్నా మంచి రోడ్డు ఏడున్నదన్నా? తొంభైల మొదలై నూటపది దాటంగనే పోతే బ్యాలెన్స్ తప్పిందనుకుంటుంటి. ఇది పోతలేదు, పెరుగుతున్నది. రోజురోజుకు గూడ పెరుగుతున్నది. మొన్న తొంభై అయిదుకు వచ్చింది, ఇయ్యాల తొంభైకే వచ్చింది."

శనివారం పొద్దున ఆమె ఒక ఉపాయం చెప్పింది. ముందు చక్రాలు వెనక్కి, వెనక చక్రాలు ముందుకి మార్చమంది. తప్పు చక్రంలో ఉంటే వణుకు దాని వెంట వెనక్కి పోవాలి, స్టీరింగ్ ఊరుకోవాలి. వామన్‌రావు సరేనన్నాడు. పని అయ్యేదాకా నేను ఆమెను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయి సీతాఫలం ఐస్‌క్రీం తినిపించాను.

"మామా, నీకు భయం కాదా?" అంది చెంచా నోట్లో పెట్టుకుని.

"దేనికి?"

"అమ్మ రాత్రిళ్లు పండుకుంటలేదు. నేను నిద్రపోయెదాంక నా రూము బయట కూసుంటున్నది. నేను ఆ గండం గిండం నమ్మ. కానీ స్టీరింగ్ వణికినప్పుడల్ల ఆమె మొఖమే యాదికొస్తున్నది. నాకేమన్న అయితే ఆమెకు ఎవరున్నరు?"

"నేను లేనా?"

"నువ్వున్నవనే ఫికర్," అంది. అప్పుడు నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వింది అదొక్కసారే.

మేము తిరిగి వచ్చేసరికి చక్రాలు మారిపోయి ఉన్నాయి. మధ్యాహ్నం మళ్లీ ఔటర్ ఎక్కాం. నేను పందెం కట్టాను, ఈసారి వణుకు నా నడుము కిందికి వస్తుందని. తొంభై రాకముందే, ఎనభై అయిదుకే, నా ఎడమ అరికాలు కింద మొదలైంది. స్టీరింగ్ అదే తీరుగా అదిరింది.

ప్రణవి మొహం బిగుసుకుంది. "చక్రం మారింది, వణుకు జాగ మారలేదు. చక్రం తప్పు కాదు మామా. చక్రం కూసునే జాగల తప్పున్నది."

చక్రం కూర్చునే చోటు అన్న మాట నా చెవిలో పడింది. పడి, ఎక్కడో ఆగింది. పసుపు అద్దిన అక్క చేతులు కళ్ల ముందు కదిలాయి. పూజ చేసిన చోటు, దాని వల్ల కీడు జరుగుతుందని ఎవరనుకుంటారు? నోట్లో మాట నోట్లోనే ఉండగా శబ్దం మొదలైంది.

టక్. కాసేపు ఏమీ లేదు. టక్, టక్. వేగం తగ్గిస్తే అది కూడా తగ్గింది. కానీ ఆగలేదు, చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకటి.

"దున్నపోతు గిట్టల చప్పుడు లెక్కున్నదే," అన్నాను. అనగానే నా గొంతు నాకే నచ్చలేదు.

"మామా, నోరు ముయ్," అంది ఆమె మెల్లగా. ఇండికేటర్ వేసి, బ్రేకు గట్టిగా నొక్కకుండా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు బండిని పక్కకు తీసింది.

దిగాం. లారీలు మా పక్కనుంచి పోతుంటే గాలికి తలుపు కదులుతోంది. ప్రణవి ముందు ఎడమ చక్రం దగ్గర కూర్చుని ఒక నట్టు మీద వేలు పెట్టింది. పానా అవసరం లేకపోయింది. నట్టు వేలికే తిరిగింది. రెండోదీ తిరిగింది. మూడోదాని కింద బోల్టు చీలి పగిలి ఉంది. నాలుగోది ఒక్కటే చక్రాన్ని పట్టుకుని ఉంది.

ఇంకొంచెం దూరం పోయి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

జాకీ పెట్టి చక్రం లాగింది. లోపల హబ్బు మీద పసుపు ఎండి పెచ్చులు కట్టి ఉంది. బియ్యం కొన్ని గింజలుగానే ఉన్నాయి, కొన్ని పిండైపోయి నల్లబడ్డాయి. ఆమె గోటితో గీకింది.

"ఏందిది?"

చెప్పాను. పంతులు దగ్గర మొదలుపెట్టి హారన్ దాకా అంతా చెప్పాను. హారన్ చెప్పకుండా ఉండాల్సింది.

ఆమె అర్థం చేసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. చక్రం ఇనుముకు ఇనుము తగిలి కూర్చోవాలి. మధ్యలో బియ్యం ఉంటే వంకరగా కూర్చుంటుంది, అందుకే వణుకు. నడిచేకొద్దీ బియ్యం నలిగి పిండవుతుంది, ఆ మేరకు నట్లు వదులవుతాయి. విప్పి బిగించినప్పుడల్లా మళ్లీ మొదటికి వస్తుంది.

ఆమె వామన్‌రావుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"అన్నా, చక్రం మూడుసార్లు విప్పినవ్ గదా. లోపల పసుపు, బియ్యం కనబడలే?"

"కనబడకేం తల్లీ."

"మరి తుడవలే?"

"అమ్మ నీ కోసం మొక్కి పెట్టింది తల్లీ. గండానికని చెప్పింది. దాన్ని నేనెట్ల తుడుస్త? తుడిచినంక నీకేమన్న అయితే? ఉన్నది ఉన్నట్టే పెట్టి జర ఎక్కువ గట్టిగ బిగిచ్చిన."

ప్రణవి ఫోన్ పెట్టేసింది. డిక్కీలోంచి గుడ్డ తెచ్చింది. హబ్బు ముందు కూర్చుంది. చెయ్యి చాపింది. ఆ చెయ్యి గాలిలో ఆగిపోయింది. గండం నమ్మనని పొద్దున చెప్పిన పిల్ల. నా వైపు చూసింది, నువ్వు తుడుస్తావా అన్నట్టు. నేను రోడ్డు వైపు చూశాను. చివరికి పళ్లు బిగించి ఆమే తుడిచింది. పసుపు పెచ్చులు తారు మీద పడ్డాయి, లారీ గాలికి లేచిపోయాయి.

ఉన్న బోల్టులకు నట్లు బిగించి, ఎద్దుబండి వేగంతో నాంపల్లి చేరాం. వామన్‌రావు బోల్టులు మార్చి, హబ్బు గీకి శుభ్రం చేశాడు. సాయంత్రం మళ్లీ పోయి చూశాం. నూటపది. నీళ్ల సీసాలో నీళ్లు కదలలేదు.

"అమ్మకు చెప్పకు మామా," అంది ప్రణవి ఇంటి గల్లీ మలుపులో. "తను పెట్టినవే నన్ను చంపుతుండె అని తెలిస్తే ఆమె బతకదు."

"నట్లు వదులైనయని చెబుదాం."

అదే చెప్పాం. రోడ్డు మీదే చూసుకున్నామని, బిగించేశామని, ఇక భయం లేదని. అక్క విని, గోడకు ఆనుకుని, దేవుడి గది వైపు చేతులెత్తి దండం పెట్టింది.

"చూసినవా? నట్లు వదులైనా చక్రం ఊడలే. ఆ అక్షింతలే ఆపినయి," అంది. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నది. నేను నవ్వబోయి, ప్రణవి చూపు చూసి మానుకున్నాను.

ఆదివారం పొద్దున్నే వామన్‌రావు ఫోన్ చేశాడు.

"ప్రహ్లాదన్నా, మీ అక్క ఫోన్ జేసింది. మిగిలిన మూడు చక్రాలు గూడ విప్పాల్నంట, అక్షింతలు పెడ్తదంట. నేను రాలేనని చెప్పిన. జర నువ్వు చూస్కో."

చొక్కా గుండీలు పెట్టుకుంటూనే స్కూటర్ తీశాను. గల్లీలోకి తిరిగేసరికి బావ బండి గేటు బయట ఉంది. గల్లీ చివర పంక్చర్ దుకాణం అతను వెనక కుడి చక్రం కింద జాకీ పెట్టి లేపుతున్నాడు. అక్క పక్కన తాంబాళంతో నిలబడి ఉంది. తలస్నానం చేసి, జుట్టు ముడి వేసుకుని, మొహం వెలిగిపోతూ.

"అక్కా, వద్దు."

"ఏంది వద్దు? జర పక్కకు జరుగు."

"నిన్న నట్లు ఊరికే వదులు గాలే. నువ్వు పెట్టిన బియ్యం నలిగి వదులైనయి. వణుకు గూడ దాంతోనే. ఒక్క బోల్టు మీద వచ్చినం. నీ అక్షింతలే పిల్లను తీస్కపోతుండె."

అక్క నా వైపు చూసి పకపకా నవ్వింది. "మళ్ల మొదలు పెట్టినవా? గండం ఆఫీసుల ఇయ్యాల నీకు డ్యూటీ ఉన్నదా?"

"పరాచికం గాదక్కా."

"హారన్ కొడ్తవా ఇప్పుడు? కొట్టు, కొట్టు. పిల్ల బయటికి వచ్చేలోపు పని గానీ." పసుపు ముద్దలో చెయ్యి ముంచింది.

నా పెదవులు వణకడం మొదలుపెట్టాయి. దాన్ని ఆపడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అక్క నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే నన్ను చూసింది. మళ్లీ చూసింది. నవ్వు అక్కడే ఆరిపోయింది. తాంబాళం ఒక పక్కకు ఒరిగింది.

"నిజమా?" అంది.

లోపల మెట్ల మీద ప్రణవి చెప్పుల చప్పుడయింది.

"దించు, దించు," అంది అక్క పంక్చర్ అతనితో, తాంబాళాన్ని గేటు వెనక్కి తోసేస్తూ. "బండి దించు బాబూ. బిడ్డకు నాకు తెలిసిందని తెల్వొద్దు." పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంది. అతను గబగబా జాకీ దించి, పానా సంకలో పెట్టుకుని పక్కకు జరిగాడు.

ప్రణవి సంచులతో వచ్చింది. "ఏందమ్మా, ఈయనెందుకొచ్చిండు?"

"గాలి చూపిచ్చిన బిడ్డా. దూరం పోతున్నవ్ గదా."

"మంచిపని జేసినవ్." తల్లిని కౌగిలించుకుంది. నన్ను చూసి కన్ను గీటింది, రహస్యం మనిద్దరిదే అన్నట్టు. "షాద్‌నగర్ దాటినంక ఫోన్ జేస్త. నడిపేటప్పుడు ఎత్తను, ఊకె జెయ్యకుర్రి. మామా, నీకే చెప్తున్న."

బండి కదిలింది. గల్లీ మలుపు తిరిగింది. ఆదివారం కనుక నాంపల్లి రోడ్డు ఖాళీగా ఉంటుంది, తొందరగానే మెహదీపట్నం చేరుతుంది, అక్కడ ఎక్స్‌ప్రెస్‌వే వంతెన ఎక్కుతుంది అనుకున్నాను. అక్క గేటు పట్టుకుని నిలబడి ఉంది.

పంక్చర్ అతను వెళ్లబోతుంటే నాకెందుకో నోట్లోకి మాట వచ్చింది.

"భాయ్, జాకీ పెట్టకముందు నట్లు వదులు జేసినవా?"

"జేసిన సాబ్. బండి కింద ఉన్నప్పుడే వదులు జేయాలె గదా, లేసినంక చక్రం తిరుగుతది."

"మరి దించినంక బిగిచ్చినవా?"

అతను పానా వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. "అమ్మ దించుమన్నది. దించిన."

ఫోన్ తీసి ప్రణవికి చేశాను. రింగవుతోంది. ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. తెర మీద నా పేరు చూసి, మామకు పొద్దున్నే పని లేదని నవ్వుకుంటూ ఉంటుంది. ఆ టక్‌టక్ ఆమెకు ఇప్పుడు తెలుసు, వినగానే ఆపుతుంది, వంతెన ఎక్కకముందే వినబడాలి, అని లోపల ఎవరో నాకు చెబుతున్నారు. నేను స్కూటర్ తన్నాను. అక్క చెప్పులు లేకుండానే వెనక ఎక్కింది.

మల్లేపల్లి దాకా ఖాళీ రోడ్డు. ముందు ఎక్కడా బావ బండి కనబడలేదు. చెవి దగ్గర పెట్టుకున్న ఫోన్‌లో రింగు మోగుతూనే ఉంది. అక్క పసుపు చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. ఆమె నోరు నా చెవి దగ్గరికి వచ్చింది.

"నట్లు బిగియ్యలేదని వానితోని నువ్వు పరాచికానికే అనిపిచ్చినవ్ గదరా?" అంది. "నేను తిట్టను. నవ్వులాటకే జేసిననని చెప్పరా, ఒక్కసారి చెప్పు."